వరిలో కాండము తొలుచు పురుగు: దాని జీవిత చరిత్ర, అలవాట్లు, అదను

వరి గడ్డి జాతి మొక్క. గడ్డి జాతి మొక్కలను నమ్ముకొని బ్రతుకు రెక్కల పురుగులు ప్రపంచములో చాల ఉన్నవి. వాటిలో కొన్ని చిన్న జాతుల పిల్లలు ఆకు రెండు పొరల నడుమ సొరంగము చేసికొని, ఆ సన్నని చోటనే తిని పెరుగును. మరికొన్ని జాతుల పిల్లలు కాండములోనికి దూరి, లోపలి మెత్తని భాగమును తొలిచి బ్రతుకును. రెంటి అలవాటు ఒక్కటే. మొక్కనే ఇల్లుగాను, మొక్కనే తిండిగాను చేసికొని, పక్షి కంటికి, సాలీడు నోటికి, రైతు చూపుకు అందకుండ దాగి యుండుట. ఇట్టి పురుగులలో మన రైతుకు మిక్కిలి నష్టము కలిగించునది వరి కాండము తొలుచు పురుగు. దీనినే కోస్తా ప్రాంతమున ఊస తిరుగుడు పురుగనియు, తెలంగాణమున మొగి పురుగనియు పిలుతురు.

ఈ పురుగును ఎరుగని వరి రైతు లేడు. కాని రైతు ఎరిగినది చాలవరకు అది చేసిన పాడును మాత్రమే. అది ఎప్పుడు వచ్చినది, ఎక్కడ గ్రుడ్లు పెట్టినది, ఎన్ని దినములు బయట తిరిగినది, ఎప్పుడు లోపల దూరినది అను సంగతులు తెలిసినవారు తక్కువ. మందు ఖర్చు వృథా యగుటకు ముఖ్య కారణమిదే.

కొన్ని సంవత్సరముల క్రిందట దాళ్వా పంట కాలమున, డెల్టాలోని ఒక గ్రామమునకు నేను వెళ్ళితిని. అరువది యేండ్లు దాటిన రైతు ఒకరు నన్ను తమ చేనికి తీసికొనిపోయిరి. పైరు ఈని యున్నది. పచ్చని చేనిలో అక్కడక్కడ తెల్లని కంకులు నిటారుగా నిలిచి యున్నవి. ఆయన వారము దినములలో రెండుసార్లు మందు కొట్టించిరి. రెండవసారి రెండు మందులు కలిపి కొట్టించిరి.

"మందు నకిలీదేమో బాబూ! రెండుసార్లు కొట్టినా తెల్లకంకులు పెరుగుతూనే ఉన్నాయి," అన్నారాయన.

"ముందు కంకులు చీల్చి చూద్దాం బాబాయిగారూ," అంటిని.

ఇద్దరమును గట్టుమీద కూర్చుండి ఇరువది తెల్లకంకుల పిలకలను మొదలంట తీసి, కత్తితో నిలువుగా చీల్చితిమి. కొన్నింటిలో ముదిరిన పురుగు కాండము అడుగు భాగమున కదలుచున్నది. కొన్నింటిలో పురుగు లేదు. గోడకు చిన్న రంధ్రము, లోపల పసుపు పచ్చని పిండి వంటి రెట్ట మాత్రమే ఉన్నవి. రెండింటిలో ఖాళీ గూడు దొరికినది. అందలి పురుగు అప్పటికే రెక్కలు వచ్చి ఎగిరిపోయినది.

మందు నకిలీది కాదు. అదను తప్పినది. తెల్లకంకి కనిపించు నాటికి పురుగు తన పని ముగించి యుండును. ఎండిన కంకిని ఏ మందును తిరిగి పచ్చగా చేయజాలదు. ఈ ఒక్క సంగతి రైతు మనస్సున నిలుచుటకే ఈ పాఠము వ్రాయుచున్నాను.

తల్లి పురుగు

మన ప్రాంతమున వరి కాండమును తొలుచు పురుగులు పలు రకములున్నను, ముఖ్యమైనది పసుపు రంగు పురుగు. దీని శాస్త్రీయ నామము సిర్పోఫాగా ఇన్సెర్టులాస్. పాత పుస్తకములలో దీనిని ట్రైపోరైజా అనియు వ్రాసిరి. రెండును ఒక్కటే. గులాబి రంగు కాండము తొలుచు పురుగు చెరకు, మొక్కజొన్న, గోధుమ వంటి పైరులను కూడ ఆశించును. ఈ పసుపు పురుగు అట్లు కాదు. వరి, అడవి వరి జాతులే దీని తిండి. దీని బలమును, బలహీనతయు కూడ ఇందే ఉన్నవి. ఎడతెగక వరి వేయు ఊరిలో దీనికి కరవు లేదు. ఊరంతయు కొన్నాళ్ళు వరి లేకుండ ఉంచినచో దీనికి నిలువ నీడ లేదు.

ఆడ రెక్కల పురుగు ఎండుగడ్డి వలె పసుపు పచ్చగా ఉండును. ముందు రెక్క ఒక్కొక్కదాని నడుమ ఒక నల్లని చుక్క స్పష్టముగా కనబడును. తోక చివర పసుపు రంగు నూగు కుచ్చు ఉండును. మగ పురుగు దీనికంటె చిన్నది, బూడిద కలిసిన గోధుమ రంగుది. దాని రెక్కపై చుక్క అంత స్పష్టముగా కనబడదు. చేనిలో నడచునపుడు పైరు కదలగానే లేచి, కొద్ది దూరము పోయి, మరల ఆకుపై వ్రాలును. పగలు ఆకుల నడుమ కదలక ఉండును. సంజ చీకటి పడినది మొదలు ఎగురును. దీపపు వెలుతురునకు చేరును. రెక్కల దశ సుమారు వారము దినములు మాత్రమే. ఆ దశలో పైరును తినదు. జత కట్టుట, గ్రుడ్లు పెట్టుట, ఇంతే దాని పని.

గ్రుడ్లు

ఆడ పురుగు ఆకు కొసకు దగ్గరగా గ్రుడ్లను గుంపుగా పెట్టును. ఒక గుంపులో సుమారు 50 నుండి 80 గ్రుడ్ల వరకు ఉండును. ఒక తల్లి ఇట్టివి రెండు మొదలు ఐదు గుంపుల వరకు పెట్టగలదు. పెట్టిన వెంటనే తన తోక చివర నున్న నూగుతో వాటిని కప్పును. అందుచే గ్రుడ్ల గుంపు, కందిగింజను చీల్చి ఆకుపై అంటించి దానిపై గోధుమ రంగు దూది పరచినట్లు కనబడును. ఈ గుర్తు ఒకసారి చూచినవారు మరల మరువరు. ఆకు కొసను చేతితో నిమిరినచో గరుకుగా తగులును.

గ్రుడ్లు పొదుగుటకు 5 నుండి 8 దినములు పట్టును. ఈ వారము దినములును శత్రువు కదలక మెదలక ఆకు చివర, మన చేతికి అందునట్లు ఉండును. దాని జీవితమంతటిలో ఇంత సులువుగా దొరకు సమయము మరొకటి లేదు.

బయట గడుపు గడియలు

గ్రుడ్డు పగిలి వచ్చిన పిల్లపురుగు ఒక మిల్లీమీటరు కంటె కొంచెము మించి యుండును. కొన్ని ఆకుపై నుండి క్రిందికి ప్రాకును. కొన్ని నోటి నుండి సన్నని పట్టుదారము తీసి దానికి వ్రేలాడుచు, గాలికి కొట్టుకొనిపోయి ప్రక్క కుదుళ్ళపై వ్రాలును. నీటిపై పడినవి కొంత దూరము ఈదగలవు. ఒక గుంపులో పుట్టిన పిల్లలు ఒకే కుదురున ఉండక చేనిలో చెదరిపోవుట ఇందుచేతనే.

తరువాత ఆకుతొడుగు లోనికి దూరి, అచ్చటి మెత్తని భాగమును రెండు మూడు దినములు తిని, పిమ్మట కణుపునకు దగ్గరగా కాండమునకు రంధ్రము చేసి లోపలికి పోవును. ఒక పిలకలో సామాన్యముగ ఒకే పురుగు ఉండును. గ్రుడ్డు పగిలినది మొదలు కాండములో దూరు వరకు గల ఈ కొద్ది దినములలో పిల్లలు ఎక్కువ భాగము చనిపోవును. సాలీళ్ళు తినును, వాన కొట్టివేయును, దూరుటకు చోటు దొరకక చచ్చును. మందు పనిచేయవలసిన అదను కూడ ఇదే. లోపల దూరిన పిమ్మట చుట్టును కాండపు గోడ కోట వలె దానిని కాపాడును.

కాండము లోపల

లోపల పురుగు తెలుపు కలిసిన లేత పసుపు రంగుతో, గోధుమ రంగు తలతో ఉండును. పెరిగిన పురుగు సుమారు 20 నుండి 25 మిల్లీమీటర్ల పొడవుండును. ఒక పిలక చాలనపుడు మరొక పిలకకు మారును. అట్లు మారునపుడు ఆకు ముక్కను కత్తిరించి, గొట్టము వలె చుట్టుకొని, అందులో దాగి నీటిపై తేలుచు పోవు అలవాటు దీనికున్నది. చేనిలో నీటిపై ఇట్టి చిన్న ఆకు గొట్టములు తేలుచుండగా చూచిన రైతులు వాటిని చీల్చి చూడవలెను.

సుమారు నాలుగు వారములు తిని పెరిగిన పిమ్మట పురుగు కాండము అడుగునకు దిగును. రేపు తాను రెక్కలతో బయటకు పోవుటకు ముందే దారి చేసి ఉంచుకొనును. కాండపు గోడను లోపలి నుండి కొరికి రంధ్రము చేసి, సన్నని పట్టు పొరతో మూయును. తరువాత తెల్లని గూడు అల్లుకొని కోశస్థ దశకు చేరును. ఆ దశ 6 నుండి 10 దినములు. ఆపైన రెక్కల పురుగై, ముందు చేసికొన్న కిటికీ గుండ బయటకు వచ్చును. గ్రుడ్డు మొదలు రెక్కల పురుగు వరకు మొత్తము సుమారు ఆరు, ఏడు వారములు. చలి ఎక్కువైనచో ఇంకను ఆలస్యమగును.

కోత తరువాత నిద్ర

పంట ముదిరి, చేను ఎండి, తిండి లేని కాలము వచ్చినపుడు పెరిగిన పురుగు వరి మోళ్ళలో (కొయ్యకాళ్ళలో) అడుగునకు చేరి, తిండి లేక, కదలక, నిద్రలో ఉండును. తొలకరి వానలు పడి తేమ తగిలిన పిమ్మట మేల్కొని, కోశస్థ దశ దాటి, రెక్కల పురుగై వెలువడును. అప్పటికి ఊరిలో నారుమళ్ళు పచ్చగా ఉండును. పురుగు ఎక్కడి నుండియో రాలేదు. నిరుడు మనము కోసిన మోడులోనే పండుకొని యున్నది.

ఊస తిరుగుడు, తెల్లకంకి

పురుగు ఒక్కటే అయినను, పైరు వయస్సును బట్టి నష్టము రెండు విధములుగ కనబడును.

పిలకలు వేయు దశలో పురుగు లోపల తొలిచినచో నడిమి ఊస ఎండిపోవును. చుట్టును ఉన్న ఆకులు పచ్చగనే ఉండును. ఎండిన ఊసను పట్టి లాగినచో సులువుగ ఊడి వచ్చును. దాని అడుగున కొరికిన గుర్తు ఉండును. ఇదియే ఊస తిరుగుడు.

పొట్ట దశలోను, ఈనునపుడును తొలిచినచో కంకికి పోవలసిన ఆహారము తెగిపోవును. గింజ పాలు పోసికొనక కంకి అంతయు తాలై, తెల్లగా, నిటారుగా నిలుచును. ఇదియే తెల్లకంకి. పొట్ట దశలో ఆకుతొడుగు ఉబ్బి వదులగుట వలన పిల్లపురుగు లోనికి దూరుట సులువు. కావున ఈ దశలో పైరు పురుగునకు తేలికగ లొంగును.

ఈ రెంటికిని గల భేదమును రైతు చక్కగా గ్రహింపవలెను. పిలకల దశలో పోయిన పిలకకు బదులు కుదురు మరొక పిలకను వేయగలదు. నూటికి ఐదు లోపు ఊసలు చచ్చినంత మాత్రమున దిగుబడి తగ్గునని భయపడ నక్కరలేదు. తెల్లకంకి విషయము వేరు. ఈనిన పిమ్మట కొత్త పిలక వేసి, అది ఈని, పండుటకు కాలము లేదు. పోయిన కంకి పోయినదే.

తెల్లగా కనబడినదంతయు ఈ పురుగు పని కాదు. మెడ విరుపు తెగులు సోకినచో కంకి మెడ వద్ద నల్లబడి విరుగును, లాగినను ఊడి రాదు. ఉల్లికోడు సోకిన పిలక ఉల్లికాడ వలె గొట్టమై వచ్చును, ఎండిన ఊస కాదు. నీటి ఎద్దడి వలన కూడ గింజలు తాలు పోవును. కాబట్టి లాగి చూచి, చీల్చి చూచి, పిమ్మటనే నిర్ణయింపవలెను.

బస్తాల లెక్క

చదరపు మీటరునకు ఒక తల్లి పురుగు గాని, ఒక గ్రుడ్ల గుంపు గాని కనబడినచో, లేక పిలకల దశలో నూటికి ఐదు ఊసలు చచ్చినచో నివారణ చేపట్టవలెనని చెప్పుదుము. ఈ హద్దు ఎందుకో ఒక ఉజ్జాయింపు లెక్కతో చూతము.

చదరపు మీటరునకు 33 కుదుళ్ళు, కుదురునకు 10 కంకుల చొప్పున 330 కంకులు ఉన్నవనుకొందము. ఒక గుంపు నుండి 50 పిల్లలు పుట్టి, అందులో 40 చచ్చి, 10 మాత్రమే కాండములో దూరినవనుకొందము. పొట్ట దశలో ఒక్కొక్కటి ఒక్కొక్క కంకిని పోగొట్టినను 330 లో 10, అనగా నూటికి మూడు కంకులు పోయినవి. ఎకరమునకు 30 బస్తాలు పండు చేనిలో ఇది సుమారు ఒక బస్తా ధాన్యము. ఒక బస్తా ధాన్యపు వెలయు, ఒకసారి మందు కొట్టుటకు అగు ఖర్చును ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో హద్దు ఎందుకు పెట్టిరో తెలియును. హద్దు లోపున మందు కొట్టిన రైతు, పురుగు తినగలదానికంటె ఎక్కువ తానే ఖర్చు చేయును. హద్దు దాటిన పిమ్మట ఊరకున్న రైతు బస్తాలు పోగొట్టుకొనును.

ఊసలు లెక్కించుట కష్టము కాదు. చేనికి అడ్డముగ నడచుచు అక్కడక్కడ 20 కుదుళ్ళు తీసికొనవలెను. మొత్తము పిలకలు, చచ్చిన ఊసలు లెక్కింపవలెను. మొత్తము 300 పిలకలైనచో అందు 15 ఊసలు చచ్చిన హద్దు చేరినట్లు. గట్టుమీద నిలిచి చూచుట లెక్క కాదు. గట్టు అంచున కనబడునది చేను నడుమ ఉండకపోవచ్చును.

పురుగు రాకను ముందుగ తెలిసికొనుట

ఆడ పురుగు మగ పురుగును పిలుచుటకు ఒక వాసనను విడుచును. ఆ వాసన ఏ రసాయనములతో కూడినదో 1985లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆ వాసనను చిన్న రబ్బరు ఎరలో నింపి, బుట్టలో అమర్చి లింగాకర్షక బుట్టలుగ ఇప్పుడు అమ్ముచున్నారు. ఎకరమునకు 3 బుట్టలు, పైరు కొసకంటె సుమారు ఒక అడుగు ఎత్తున ఉండునట్లు కర్రలకు కట్టవలెను. పైరు పెరిగిన కొలది బుట్టను పైకి జరుపవలెను. ఎరను మూడు, నాలుగు వారములకు ఒకసారి మార్చవలెను. వారమునకు ఒక బుట్టలో 25 నుండి 30 మగ పురుగులు పడినచో జాగ్రత్త పడవలెను. పురుగులను పెద్ద ఎత్తున పట్టి చంపుటకైనచో ఎకరమునకు 8 బుట్టలు కావలెను.

బుట్టలో పడునవి మగ పురుగులే. గ్రుడ్లు పెట్టునవి ఆడవి. అందుచేత బుట్టను నమ్మి చేను చూచుట మానరాదు. బుట్ట గంట కొట్టును. గంట వినబడిన వెంటనే చేనిలోనికి దిగి ఆకు కొసలు చూడవలెను. దీపపు ఎరకు ఆడ, మగ రెండును వచ్చును గనుక, ఊరికి ఒకటి రెండు దీపపు ఎరలున్నచో మరింత మేలు.

రైతుకు తోడున్న జీవులు

గ్రుడ్ల గుంపుపై కన్ను వేసినవారు మనము మాత్రమే కాదు. కంటికి కష్టముగ ఆనునంత చిన్న కందిరీగ జాతి జీవులు కొన్ని, తమ గ్రుడ్లను ఈ గ్రుడ్లలో పెట్టును. వాటి పిల్లలు పురుగు గ్రుడ్డును లోపలి నుండి తినివేయును. ట్రైకోగ్రామా, టెలినోమస్, టెట్రాస్టికస్ అనునవి వీటిలో ముఖ్యమైనవి. పొడవైన మీసములు గల ఒక జాతి మిడత గ్రుడ్ల గుంపులనే కొరికి తినును. సాలీళ్ళు, తూనీగలు రెక్కల పురుగులను పట్టును.

ఈ సంగతిని నా మాటమీద నమ్మ నక్కరలేదు. చేనిలో పది గ్రుడ్ల గుంపులను ఆకు ముక్కలతో సహా కోసి, గాజు సీసాలో వేసి, మూతికి నేత దగ్గరగా ఉన్న పలుచని గుడ్డ కట్టి, నీడన ఉంచుడు. పది, పండ్రెండు దినములు చూడుడు. కొన్ని గుంపుల నుండి పిల్లపురుగులు వచ్చును. కొన్నింటి నుండి నల్లని చిన్న రెక్కల జీవులు వచ్చును. అట్టివి ఎక్కువ వచ్చినచో మీ చేనిలో మీకు కూలి అడుగని పనివారు ఉన్నట్లే. పిల్లపురుగులను చంపి, ఆ నల్లని జీవులను చేనిలో విడువవలెను. నాటిన తొలి నెలలో ఇష్టము వచ్చినట్లు మందులు కొట్టినచో మొదట చచ్చునవి ఈ పనివారే. సాలీళ్ళు కూడ చచ్చిన చేనిలో సుడిదోమ పెరిగి, ఒక నష్టమునకు బదులు రెండు నష్టములు వచ్చును.

ట్రైకోగ్రామా జీవులను అట్టలపై పెంచి అమ్ముచున్నారు. బుట్టలలో పురుగు కనబడగానే వీటిని వారమున కొకసారి చొప్పున చేనిలో విడుచుట మంచిది. ఎకరమునకు ఎన్ని అట్టలో స్థానిక వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనవలెను. విడిచిన దినములలో మందు చల్లరాదు.

ఏ కాలమున ఏమి చేయవలెను

కోతప్పుడు: పైరును నేలకు వీలైనంత దగ్గరగ కోయవలెను. యంత్రముతో ఎత్తుగ కోసిన చేనిలో మోడు పొడవుగ మిగులును, అందులో పురుగు క్షేమముగ ఉండును. మోళ్ళను దున్ని నీరు పెట్టి కుళ్ళనీయవలెను. మినుము, పెసర వెదజల్లిన చేలలో వెంటనే దున్నుటకు వీలుండదు గనుక, అపరాలు తీసిన వెంటనే వేసవి దుక్కి చేయవలెను. ఈ పని ఒక్క రైతు చేసిన చాలదు. రెక్కల పురుగునకు గట్టు అడ్డు కాదు.

నారుమడిలో: ఊరంతయు పది, పదునైదు దినములలో నాట్లు ముగియునట్లు నారు పోయవలెను. వెనుకబడి నాటిన చేనికి ముందు చేల పురుగంతయు చేరును. నారు తీసి కట్టలు కట్టునపుడు ఆకు కొసలు త్రుంచి వేసినచో, కొసపై నున్న గ్రుడ్ల గుంపులు పొలమునకు చేరవు. త్రుంచిన కొసలను గట్టుపై వదలక కాల్చి గాని, పూడ్చి గాని వేయవలెను. నారు ముదిరి పొడవైనపుడు ఇది మిక్కిలి అవసరము. దీనికి అగు ఖర్చు, ఒక కూలికి కొద్దిసేపటి పని.

పిలకల దశలో: వారమునకు ఒకసారి చేను చూడవలెను. నత్రజని ఎరువును ఒకేసారి గుప్పక, దఫదఫాలుగ వేయవలెను. ముదురు పచ్చని మెత్తని పైరు పురుగునకు ఇష్టము. హద్దు దాటినచో గుళికలు వేయవచ్చును. కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4 జి ఎకరమునకు 8 కిలోలు గాని, క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 జి 4 కిలోలు గాని, ఏదో ఒకటి మాత్రమే వేయవలెను. చేనిలో పలుచగ నీరుంచి చల్లి, రెండు దినములు నీరు బయటకు పోకుండ చూడవలెను. ఆ నీరు చేపల, రొయ్యల చెరువులలోనికి పోరాదు.

పొట్ట దశలో: ఇదియే అసలు అదను. 120 దినముల రకమైనచో విత్తిన సుమారు 75వ దినము మొదలు ఈను వరకు మూడు దినములకు ఒకసారి చేను చూడవలెను. చదరపు మీటరునకు ఒక తల్లి పురుగు గాని, ఒక గ్రుడ్ల గుంపు గాని ఉన్నచో, పిల్లలు కాండములో దూరక ముందే మందు పడవలెను. కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 50 ఎస్.పి. లీటరు నీటికి 2 గ్రాములు గాని, క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. ఎకరమునకు 60 మిల్లీలీటర్లు గాని, 200 లీటర్ల నీటిలో కలిపి కుదురు తడియునట్లు కొట్టవలెను. రెండు మందులు కలుపరాదు. సింథటిక్ పైరిత్రాయిడ్ జాతి మందులు వాడరాదు, అవి దోమను పెంచును.

మందు డబ్బాపై వ్రాసినది చదువక విప్పరాదు. గాలికి ఎదురుగ కొట్టరాదు. చేతి తొడుగులు, ముక్కునకు గుడ్డ లేనిదే కలుపరాదు. పిల్లలను చేరనీయరాదు. ఖాళీ డబ్బాలను కాలువలో కడుగరాదు.

ఈ పురుగును పూర్తిగ తట్టుకొను వరి రకము లేదు. కావున రకము మార్చిన చాలునని నమ్మి చేను చూచుట మానరాదు.

ముగింపు

మొదట చెప్పిన రైతుగారి సంగతి ముగించి సెలవు తీసికొందును. ఆ ఏడు ఆయనకు మేమెవ్వరమును ఏమియు చేయలేకపోతిమి. పోయిన కంకులు పోయినవి. మరుసటి దాళ్వాలో ఆయన మూడు బుట్టలు కట్టి, ఇంటిలోని గోడ క్యాలెండరుపై పెన్సిలుతో ప్రతి వారము పురుగుల లెక్క వ్రాసిరి. పిలకల దశలో కొన్ని ఊసలు చచ్చినను లెక్కించి చూచి, హద్దు లోపలనే ఉన్నవని మందు కొట్టలేదు. ప్రక్క చేనివారు నవ్విరట. పొట్ట దశలో గ్రుడ్ల గుంపులు కనబడగానే ఒకసారి మందు కొట్టిరి. కోతకు ముందు నేను చేను చూచితిని. తెల్లకంకులు లేకపోలేదు గాని, వెదకి చూడవలసి వచ్చెను.

ఆయన క్యాలెండరు చూపుచు, "ఇన్నాళ్ళూ పురుగు కనిపించినాక మందు కొట్టాను బాబూ. ఇప్పుడు తెలిసింది, దాని తల్లి కనిపించినప్పుడే కొట్టాలని," అన్నారు.

ఈ పాఠము సారమంతయు ఆ మాటలోనే ఉన్నది. గ్రుడ్డు పెట్టినది మొదలు ఎండిన ఊసగాని, తెల్లకంకి గాని కనబడుటకు సుమారు రెండు, మూడు వారములు పట్టును. ఆ గడువు రైతుది. అది దాటిన పిమ్మట కాలము పురుగుది. కావున రైతు సోదరులు వారమున కొక పూట చేనిలో దిగి, ఆకు కొసలు చూచి, లెక్క వ్రాసికొను అలవాటు చేసికొనవలెను.